అమ్మ కాలి పుండు: మానే దాకా ఆగాలా, ఇప్పుడే లేజర్ చేయించాలా?

నమస్కారం అండీ. మాది కూకట్‌పల్లి. అమ్మకు 61 ఏళ్లు, చాలా ఏళ్లు కర్రీ పాయింట్‌లో నిలబడి పని చేసింది. ఎడమ చీలమండ పైన, లోపలి వైపు పుండు పడి ఎనిమిది నెలలైంది. చుట్టూ చర్మం నల్లబడి గట్టిపడింది. సాయంత్రానికి రసి కారి చీర అంచు తడిసిపోతుంది. షుగర్ లేదు. అయినా ఇన్నాళ్లూ ఒక క్లినిక్‌లో డ్రెస్సింగులు చేస్తూ యాంటీబయాటిక్స్ మార్చి మార్చి ఇచ్చారు. సిరల సంగతి ఎవరూ చూడలేదు, అదే నా బాధ.

పోయిన నెల డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీయిస్తే తెలిసింది, తొడ నుంచి చీలమండ దాకా ఉండే పెద్ద సిరలో కవాటాలు పాడై రక్తం కిందికి జారుతోందని. ధమనులు బాగున్నాయి కాబట్టి గట్టి కట్టు కట్టొచ్చన్నారు. ఒక డాక్టర్ పుండు మానాకే లేజర్‌తో ఆ సిరను మూసేద్దాం అన్నారు, ఇంకొకరు ఇప్పుడే చేద్దామన్నారు. 2018లో వచ్చిన ఎవ్రా అనే బ్రిటన్ అధ్యయనం గురించి చదివాను. అందరికీ కట్టు కట్టారు. సిరను వెంటనే మూసినవాళ్లలో పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు, ఆగినవాళ్లలో 82 రోజులు పట్టిందట. నాకు రెండో డాక్టర్ మాటే నచ్చింది.

నిమ్స్ వాస్క్యులర్ సర్జరీలో ఇది చేయించుకున్నవాళ్లు ఉన్నారా? ఆరోగ్యశ్రీ వర్తించిందా? వారం వారం నాలుగు పొరల కట్టు సరిగ్గా కట్టేవాళ్లు మా వైపు ఎక్కడున్నారు? ముఖ్యంగా, ఈ ఎండలకు దురద తట్టుకోలేక అమ్మ రాత్రిళ్లు కట్టు విప్పేస్తోంది. మీ ఇంట్లో ఎలా నెట్టుకొచ్చారో దయచేసి చెప్పండి.