మ్యానర్, ప్లేస్, టైమ్ బట్టీ పట్టాలా? ఇంగ్లీషు అడ్వెర్బియల్స్ మీద చర్చ

కావలి నుంచి ప్రశ్న:

గ్రూపులో పెద్దలకు నమస్కారం. డీఎస్సీకి చదువుకుంటున్నాను. ఇంగ్లీషు గ్రామర్లో అడ్వెర్బియల్స్ దగ్గర బండి ఆగిపోయింది. నోట్సులో ఒక పేజీ "మ్యానర్, ప్లేస్, టైమ్ ఇదే వరుస" అంటుంది. తిప్పితే "వెళ్ళడం, రావడం లాంటి క్రియలకు మాత్రం ప్లేస్ ముందు" అని మినహాయింపు. ఇంకో పేజీలో "ఆల్వేస్, ఆఫెన్ మధ్యలో వస్తాయి". అసలు అడ్వెర్బ్, అడ్వెర్బియల్ రెండూ ఒకటేనా? బట్టీ పట్టకుండా ఇవి గుర్తుండే దారి ఏదైనా ఉందా?

నెల్లూరు మూలాపేట నుంచి:

ఒకటి కాదమ్మా. అడ్వెర్బ్ అంటే మాట ఏ జాతిదో చెప్పే పేరు. అడ్వెర్బియల్ అంటే వాక్యంలో అది ఏ పని చేస్తోందో చెప్పే పేరు. 'స్లోలీ' జాతికి అడ్వెర్బ్, పనికి అడ్వెర్బియల్. 'లాస్ట్ నైట్', 'నియర్ ద బస్టాండ్', 'టు బై ఫిష్', 'బికాజ్ ఇట్ రెయిన్డ్' చూడు. వీటిలో అడ్వెర్బ్ జాతి మాట ఒక్కటీ లేదు, అయినా నాలుగూ అడ్వెర్బియల్స్. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా, ఎన్నిసార్లు అనే ప్రశ్నలకు జవాబు చెప్పేది ఒక్క మాటైనా, పదబంధమైనా, ఏకంగా ఒక ఉపవాక్యమైనా ఆ పేరే.

ఇక వరుస సంగతి. మీ నోట్సు ఇంగ్లీషు వైపు నుంచి మాత్రమే చూస్తోంది. నువ్వు తెలుగు వైపు నుంచి చూడు.

"పిల్లలు నిన్న సాయంత్రం మైపాడు బీచిలో హాయిగా ఆడుకున్నారు."

మనకు క్రియ చివర ఉంటుంది. దానికి ఆనుకుని 'హాయిగా' ఉంది. దానికి ముందు 'మైపాడు బీచిలో'. ఇంకా ముందు 'నిన్న సాయంత్రం'. ఇప్పుడు ఇంగ్లీషు:

"ద చిల్డ్రన్ ప్లేడ్ హ్యాపిలీ ఎట్ మైపాడు బీచ్ ఎస్టర్డే ఈవెనింగ్."

వాళ్ళకు క్రియ ముందే వచ్చేస్తుంది. దాన్ని ఆనుకుని 'హ్యాపిలీ', తర్వాత చోటు, తర్వాత కాలం. రెండు భాషల్లోనూ క్రియకు ఏది దగ్గర, ఏది దూరం అన్న లెక్క ఒక్కటే. అద్దంలో చూసినట్టు దిక్కు మారిందంతే. అందుకని క్రియ దగ్గర వేలు పెట్టి తెలుగు వాక్యాన్ని వెనక్కి చదువుకుంటూ పో, ఇంగ్లీషు వరుస దానంతటదే వస్తుంది. అయితే తెలుగులో మాటల్ని అటూ ఇటూ జరిపినా అర్థం చెడదు కాబట్టి, దేన్నీ ఒత్తి పలకకుండా మామూలుగా చెప్పే వరుసనే తీసుకోవాలి.

నిన్ను తికమక పెట్టిన మినహాయింపును కూడా ఇలాగే చూడు. "నేను నిన్న పినాకినిలో చెన్నై వెళ్ళాను." వెళ్ళడం అన్నాక ఎక్కడికి అన్నదే క్రియను అంటిపెట్టుకుని ఉంటుంది. ఎలా వెళ్ళామన్నది దాని తర్వాతి మాట. ఇంగ్లీషులోనూ అంతే: "ఐ వెంట్ టు చెన్నై బై ద పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎస్టర్డే." తెలుగువాడికి ఇది మినహాయింపే కాదు. దీన్ని వేరే రూలుగా రాయించి పిల్లలకు టెన్షన్ పెట్టడం నాకు నచ్చని పని.

రెండు కాలాలో, రెండు చోట్లో పక్కపక్కన వచ్చినా ఇదే లెక్క. మనం పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతాం: "నెల్లూరులో, ట్రంకు రోడ్డులో, ఒక చిన్న కొట్లో". వాళ్ళు చిన్నదాని నుంచి పెద్దదానికి ఎక్కుతారు: "ఇన్ ఎ స్మాల్ షాప్ ఆన్ ట్రంక్ రోడ్ ఇన్ నెల్లూర్". "సోమవారం పొద్దున పదింటికి" అన్నది "ఎట్ టెన్ ఇన్ ద మార్నింగ్ ఆన్ మండే" అవుతుంది.

ఒంగోలు నుంచి:

అన్నా, కిటుకు బాగుంది. నేను మా క్లాసులో చెప్పి చూస్తా. కానీ వాక్యంలో కర్మ ఉంటే ఇది బోల్తా కొడుతుంది. "వాడు ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు." దీన్ని వెనక్కి చదివితే "హి స్పీక్స్ వెల్ ఇంగ్లిష్" వస్తుంది. మా పిల్లల పేపర్లలో నేను ఎర్రపెన్నుతో ఎక్కువగా కొట్టేది ఈ తప్పునే. క్రియకూ కర్మకూ మధ్య ఇంగ్లీషు మామూలుగా దేన్నీ దూరనివ్వదు. కాబట్టి ముందు కర్మను తెచ్చి క్రియకు అతికించి, ఆ తర్వాతే వెనక్కి చదవమని చెప్పాలి: "హి స్పీక్స్ ఇంగ్లిష్ వెల్."

కర్మ మరీ పొడుగైతే వేరే సంగతి. "షీ ఎక్స్‌ప్లెయిన్డ్ క్లియర్లీ ఎవ్రీ క్వశ్చన్ దట్ ద స్టూడెంట్స్ హ్యాడ్ ఆస్క్డ్" అన్నది తప్పు కాదు. అంత బరువును దాటి చివర 'క్లియర్లీ' అంటే అప్పటికి అది దేనికి చెందిందో మర్చిపోతాం.

ఇంకోటి. అడ్వెర్బియల్ అంటే తీసేసినా వాక్యం నిలబడేది అని కొన్ని గైడ్లలో రాస్తారు. ఎక్కువసార్లు నిజమే, అన్నిసార్లూ కాదు. "షీ పుట్ ద స్లేట్ ఆన్ ద టేబుల్" లో 'ఆన్ ద టేబుల్' తీసేయండి. అది మార్కాపురం పలకే కావచ్చు, ఎక్కడ పెట్టిందో చెప్పకపోతే వాక్యం గాల్లో ఉండిపోతుంది. "మై అంకుల్ లివ్స్ ఇన్ కనిగిరి" లోనూ ఊరు తీసేస్తే మామ బతికే ఉన్నాడు అన్నట్టు తేలుతుంది. ఇలాంటివి తప్పనిసరి అడ్వెర్బియల్స్. పరీక్షలో అడగడానికి వీలున్న చోటు ఇది, గుర్తుపెట్టుకో అమ్మాయ్.

కావలి నుంచి:

ధన్యవాదాలు సార్. మరి ఆల్వేస్, ఆఫెన్ సంగతి? "వాడు ఎప్పుడూ లేటుగా వస్తాడు" ను వెనక్కి చదివితే 'ఆల్వేస్' చివరికి పోతోంది కదా.

నెల్లూరు మూలాపేట నుంచి:

అక్కడ నా అద్దం పనిచేయదు. 'ఆల్వేస్, నెవర్, ఆఫెన్, యూజువల్లీ, సెల్డమ్' ఇవన్నీ ఇన్నిసార్లు అని లెక్క చెప్పనివి. వీటి మామూలు చోటు మధ్యలో. మామూలు క్రియ అయితే దానికి ముందు: "హి ఆల్వేస్ కమ్స్ లేట్." ఈజ్, వజ్ లాంటివే అసలు క్రియ అయితే వాటి తర్వాత: "హి ఈజ్ ఆల్వేస్ లేట్." సహాయక క్రియలు వరసగా ఉంటే మొదటిదాని తర్వాత: "హి హ్యాజ్ ఆల్వేస్ బీన్ లేట్." వీటిని మూడు రూల్సు అనుకోకు. 'నాట్' ఎక్కడ పడుతుందో చూసుకో. "హి ఈజ్ నాట్ లేట్", "హి హ్యాజ్ నాట్ బీన్ లేట్". 'ఆల్వేస్' కూర్చునేదీ ఆ చోటే.

ఒక చిన్న తిరకాసు ఉంది. "ఈజ్ హి లేట్ టుడే?" అని అడిగితే "యెస్, హి ఆల్వేస్ ఈజ్" అనాలి. 'ఈజ్' తర్వాత ఏమీ లేకుండా వాక్యం ఆగిపోతే 'ఆల్వేస్' ముందుకు జరుగుతుంది.

లెక్క తేలినవి, అంటే 'ఎవ్రీ డే', 'ట్వైస్ ఎ వీక్' లాంటివి చివరికే పోతాయి. మనవాళ్ళు "ఐ డైలీ గో టు ద టెంపుల్" అంటారు చూడు, అది "రోజూ గుడికి పోతా" నుంచి వచ్చింది. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, మాట్లాడితే నేనేమీ అనను. పరీక్షలో మాత్రం "ఐ గో టు ద టెంపుల్ ఎవ్రీ డే" అని రాయి.

ఒంగోలు నుంచి:

రకాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను అందుకుంటా. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి రాసిన పెద్ద వ్యాకరణం వీటిని నాలుగుగా విడగొట్టింది: అడ్జంక్ట్, సబ్‌జంక్ట్, డిస్‌జంక్ట్, కంజంక్ట్. ఇంతసేపూ మనం మాట్లాడుకున్నవి చాలావరకు అడ్జంక్ట్స్, అంటే జరిగిన పని గురించి చెప్పేవి. సబ్‌జంక్ట్ జోలికి ఇప్పుడు పోవద్దు, దాని సరిహద్దు ఎక్కడన్నది పెద్దవాళ్ళకే తెగని పంచాయితీ.

అసలు రుచి డిస్‌జంక్ట్ లో ఉంది. అది జరిగిన పని గురించి కాకుండా, చెప్పేవాడు ఆ మాటను ఎలా చూస్తున్నాడో చెబుతుంది. "హి డిడ్ నాట్ స్పీక్ ఫ్రాంక్లీ" అంటే మాట్లాడాడు, మనసులో మాట దాచుకుని మాట్లాడాడు. "ఫ్రాంక్లీ, హి డిడ్ నాట్ స్పీక్" అంటే, ఉన్నమాట చెప్పాలంటే వాడు నోరే విప్పలేదు. చోటు మారింది, కామా పడింది, అర్థం ఎటో పోయింది. తెలుగులో మనం ఈ పనికి 'చెప్పాలంటే', 'నిజానికి' లాంటి మాటలు తెచ్చుకుంటాం కాబట్టి చోటు మీద అంతగా ఆధారపడం. అందుకే మన పిల్లలు ఆ కామాను పట్టించుకోరు.

ఏది అడ్జంక్టో తేల్చుకోవాలంటే ప్రశ్న వేసి చూడండి. "ఎలా మాట్లాడాడు?" అంటే 'ఫ్రాంక్లీ' అన్నది సరైన జవాబు. అదే "ప్రాబబ్లీ, హి ఈజ్ ఇన్ ఒంగోల్" లో 'ప్రాబబ్లీ'కి ఎలా, ఎప్పుడు, ఎక్కడ అని ఏ ప్రశ్న వేసినా అతకదు. అది డిస్‌జంక్ట్.

కంజంక్ట్ అంటే 'హౌఎవర్', 'దేర్‌ఫోర్' లాంటివి. ముందు వాక్యానికీ ఈ వాక్యానికీ సంబంధం చెబుతాయి గానీ 'బట్' లాగా రెండింటినీ కుట్టి ఒకటి చేయవు. 'హౌఎవర్' ముందు కామా పెట్టి రెండు వాక్యాలు కలిపితే తప్పు, ఫుల్‌స్టాపో సెమికోలనో ఉండాలి.

సింగరాయకొండ నుంచి:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా ఆఫీసులో అందరూ "ఐ యామ్ ఇన్ నెల్లూర్ ఓన్లీ", "ఐ విల్ సెండ్ ఇట్ టుడే ఇట్‌సెల్ఫ్" అంటారు. ఇవి కూడా ఈ ఖాతాలోకే వస్తాయా?

నెల్లూరు మూలాపేట నుంచి:

ఈ ఖాతాలోవే సార్, కాకపోతే వాటి వెనకున్నది మన ఏకారం. "నెల్లూరులోనే ఉన్నా", "ఇవాళే పంపిస్తా". మనకు ఆ ఒత్తు మాట చివర అతుకుతుంది, అందుకని 'ఓన్లీ'ని, 'ఇట్‌సెల్ఫ్'ని కూడా తోకలాగా తగిలిస్తాం. చిక్కేమిటంటే మన ఏకారం రెండు పనులు చేస్తుంది. "చేపల పులుసే తిన్నా" అంటే ఇంకేమీ తినలేదని. "నెల్లూరులోనే ఉన్నా" అంటే ఊరు దాటలేదని, ఇంకే ఊళ్ళోనూ లేనని కాదు. మొదటిదానికి 'ఓన్లీ' సరిపోతుంది: "ఐ ఏట్ ఓన్లీ ఫిష్ కర్రీ." రాతలో అది దేన్ని పట్టుకోవాలో దాని ముందు ఉంటే సందేహం రాదు. మాటల్లో ఇంగ్లీషువాళ్ళే "ఐ ఓన్లీ ఏట్ ఫిష్ కర్రీ" అని క్రియ ముందు పెట్టేసి గొంతుతో సర్దుకుంటారు. రెండోదానికి "ఐ యామ్ స్టిల్ ఇన్ నెల్లూర్" అంటే సరి. 'టుడే ఇట్‌సెల్ఫ్' బదులు "ఐ విల్ సెండ్ ఇట్ టుడే" చాలు, ఒత్తు కావాలంటే 'టుడే'ని గట్టిగా పలకడమే.

కావలి నుంచి:

ఒక వాక్యం నేనే కట్టాను, చూడండి సార్. "మా మేనమామ పోయిన వారం కొత్త బండి మీద కందుకూరు నుంచి మా ఇంటికి వచ్చాడు." వెనక్కి చదివితే: "మై అంకుల్ కేమ్ టు అవర్ హౌస్ ఫ్రమ్ కందుకూర్ ఆన్ హిజ్ న్యూ బైక్ లాస్ట్ వీక్." ఇంకో డౌటు. 'నెవర్' వాక్యం మొదట్లో రావచ్చా?

నెల్లూరు మూలాపేట నుంచి:

వాక్యం సరిగ్గా ఉందమ్మా. 'ఫ్రమ్ కందుకూర్ టు అవర్ హౌస్' అని ఆ రెండింటినీ తిప్పి రాసినా ఒప్పే. 'లాస్ట్ వీక్' మొదట్లో పెట్టినా ఒప్పే, కథ చెప్పేటప్పుడు కాలం ముందుకు రావడం మామూలే. 'ఆన్ హిజ్ న్యూ బైక్' మాత్రం ఊరికే ముందుకు తేకు, బండి గురించి ఏదో చెప్పబోతున్నావని చదివేవాడు ఎదురు చూస్తాడు.

'నెవర్' మొదట రావచ్చు. వస్తే ప్రశ్నలో లాగా సహాయక క్రియ కర్త ముందుకు దూకాలి. రొట్టెల పండగనాడు స్వర్ణాల చెరువు గట్టున నిలబడి "నెవర్ హ్యావ్ ఐ సీన్ సచ్ ఎ క్రౌడ్" అనొచ్చు, "నెవర్ ఐ హ్యావ్ సీన్" అనకూడదు. 'సెల్డమ్', 'హార్డ్లీ' మొదట వచ్చినా అంతే. 'సమ్‌టైమ్స్', 'యూజువల్లీ' మొదట వస్తే ఏదీ కదలదు, వాటిలో కాదనే అర్థం లేదు కాబట్టి.