సాఫ్ట్‌వేర్ పెట్టి ఏడాదైంది, ఇంకా పుస్తకాల్లోనూ రాస్తున్నాం. ఏం చేయమంటారు?

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. పోయినేడాది మా ఓనరు గారు సాఫ్ట్‌వేర్ చేయించారు. మొదలుపెట్టింది ఎప్పుడో తెలుసా? మార్చిలో, గేటు బయట లారీలు బారులు తీరినప్పుడు!

ఒక రైతువి తేజ రకం మిర్చి 80 టిక్కీలు (బస్తాలు) వస్తే 50 ఒక చాంబర్లో, 30 ఇంకోదాంట్లో సర్దుతాం. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం రసీదుకి ఒకటే చాంబర్. రైతు బాండు (సరుకు దాచినట్టు మేమిచ్చే కాగితం) బ్యాంకులో పెట్టి లోను తీసుకుంటే ఆ సరుకు వదలకూడదు కదా, దానికి గడే లేదు. మా గుమాస్తా గారు ఇన్నేళ్లూ పుస్తకంలో ఆ నంబరు చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేవారు. ఆయన్ని ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు రెండుచోట్లా రాస్తున్నాం, రెండూ కలవవు.

బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల కోసం 2002లో మొదలెట్టిన భారీ కంప్యూటర్ పథకాన్నే 2011లో ఆపేశారు. వాడే డాక్టర్లను ముందు సరిగా అడగకపోవడం అక్కడా ఒక కారణమే. మేమెంత!

ఓనరు గారేమో ఇంకో కంపెనీని పిలుస్తానంటున్నారు. ఉన్నదాన్నే బాగుచేయించి, సరుకు రాని నెలల్లో ఒక్క చాంబర్‌తో మొదలెడదామని ఆయన్ని ఎలా ఒప్పించాలి? ఇలాంటిది గట్టెక్కించినవాళ్లుంటే చెప్పండి.