పెటెన్ ఊరి చరిత్రలో మూడు కట్టలు: వాకర్, స్లాపర్, డ్రోమర్‌లకు తెలుగు ఏది?

నెదర్లాండ్స్‌లో, ఉత్తర హాలండ్ తీరాన ఉన్న పెటెన్ అనే చిన్న ఊరి చరిత్రను తెలుగు చేస్తున్న మిత్రులు, అక్కడి సముద్రపు కట్టల పేర్లయిన వాకర్, స్లాపర్, డ్రోమర్ అనే మాటలకు ‘మేలుకట్ట, నిద్రకట్ట, కలలకట్ట’ అని వాడవచ్చునా అని అడిగారు. డచ్చిలో వాటి అర్థం వరుసగా మేలుకొని ఉండేది, నిద్రపోయేది, కలగనేది. అర్థం వరకు మిత్రుల ఊహ సరైనదే, చిక్కంతా తెలుగు వైపున ఉంది. ‘మేలుకట్ట’ అనగానే మన పాఠకుడికి పందిరికి పైన కట్టే మేలుకట్టు గుర్తుకు వస్తుంది. ‘కలలకట్ట’ అంటే నోట్లకట్ట, కట్టెలకట్ట వరుసలో కలల మోపు అనిపిస్తుంది.

అసలు ఈ మూడింటి పని ఏమిటో చూస్తే మాట దానంతట అదే దొరకవచ్చు. పెటెన్ నుంచి దక్షిణంగా కాంపర్‌డౌన్ వరకు, సుమారు అయిదున్నర కిలోమీటర్ల మేర, తీరాన్ని సహజంగా కాచే ఇసుక దిబ్బలు సముద్రానికి ఆహుతైపోగా, ఆ ఖాళీలో హోండ్స్‌బోసె జేవేరింగ్ అనే కట్టను శతాబ్దాల తరబడి కడుతూ, బాగుచేస్తూ, ఎత్తు పెంచుతూ వచ్చారు. అలల దెబ్బను నేరుగా తినే ఈ ముందుకట్టే వాకర్. దాని వెనుక పొలాల వైపున ఉన్న స్లాపర్‌కు, ముందుకట్ట తెగితే తప్ప, ఉప్పునీరు తగలదు. ఆ రెండూ తెగిన నాడు ఆఖరి ఆసరా డ్రోమర్. అందుచేత వాకర్‌కు ‘మేలుకొన్న’ కంటె ‘కావలి’ అనే మాట ఎక్కువ నప్పుతుంది, ఎందుకంటే కావలివాడు మేలుకొని ఉండడం మనకు వేరే చెప్పనక్కరలేని విషయం. ‘కట్ట’కు బదులు కృష్ణా గోదావరి డెల్టాల్లో నిత్యం వాడే ‘కరకట్ట’ను తీసుకుంటే మోపు అనే అపార్థం కూడా తప్పుతుంది. కావలి కరకట్ట, నిదురించే కరకట్ట, కలగనే కరకట్ట అన్నవి నా సూచన. మూడవది కొంచెం వింతగా వినిపిస్తుందనడంలో సందేహం లేదు, అయితే డచ్చిలోనూ అది అంతే వింతగా ఉంటుంది, ఆ వింతను చదును చేయవద్దు.

ఇంతకంటె ముఖ్యమైన సవరణ మరొకటి ఉంది. 1421 నవంబరు 18, 19 తేదీల నడిమి రాత్రి పెటెన్‌ను నాశనం చేసిన, సెయింట్ ఎలిజబెత్ పండుగ పేరుతో చరిత్రకెక్కిన విపత్తును చిత్తుప్రతిలో ‘వరద’ అన్నారు. వరద ఏటికి వస్తుంది. పెనుగాలి తోసుకువచ్చిన సముద్రపు నీరు ఊరిమీద పడితే దానికి మనకు ‘ఉప్పెన’ అనే సొంత మాట ఉంది, దివిసీమ వారికి ఆ మాటను ఎవరూ వివరించనక్కరలేదు. వారి ఉప్పెన వచ్చినది కూడా నవంబరు 19నే, 1977లో. అలాగే తరువాతి శతాబ్దాల్లో సముద్రం నేలను తినుకుంటూ రాగా కట్టలూ ఊరూ తూర్పుకు జరిగిన ఘట్టంలో ‘క్షయం’ అనే మాట పుస్తకాల వాసన కొడుతోంది. ఉప్పాడ వైపు అందరూ అనే ‘కోత’ చాలు.

ఊరు లేకుండా పోయిన ప్రతిచోటా ‘మునిగింది’ అని రాయడం కూడా కుదరదు. 1943లో పెటెన్‌ను తుడిచిపెట్టినది సముద్రం కాదు, తీరమంతా అట్లాంటిక్ గోడ పేరిట రక్షణ నిర్మాణాలు చేస్తున్న జర్మన్ ఆక్రమణ సైన్యం. అక్కడ ‘కూల్చివేశారు’ అని కర్తను స్పష్టంగా చూపాలి. ఇప్పుడు మనం చూసే ఊరు యుద్ధం తరువాత తిరిగి కట్టినది. దాని పక్క దిబ్బల్లోనే 1961 నుంచి నడుస్తున్న పరిశోధక అణు రియాక్టరు గురించిన పేరాలో సవరించవలసినది ఏమీ లేదు.

చివరి అధ్యాయంలో మాత్రం ఒక మాట మార్చాలి. కావలి కరకట్ట ఇకముందు చాలదని తేలిన మీదట, దానిని ఇంకా ఎత్తు పెంచకుండా, 2015 నాటికి దాని ముందు సముద్రం వైపున దాదాపు 3.5 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను పోసి, కొత్త బీచినీ దిబ్బలనూ తయారుచేశారు. కడలి ఇప్పుడు ఆ రాతికట్ట దాకా రావడం లేదు కనుక వాకర్ కూడా నిద్రకు పడినట్టే అనుకోవచ్చు. ఆ ఇసుకను చిత్తుప్రతిలో ‘మేట’ అన్నారు. మేట నీరు తనంతట తాను వేసేది, దీనిని ఓడలు సముద్రపు అడుగు నుంచి తోడి తెచ్చి పోశాయి. తిన్నె అంటే ఏటి ఒడ్డు స్ఫురిస్తుంది కాబట్టి అదీ వద్దు, ‘ఇసుక దిబ్బలు’ అనే ఉంచండి.