మెయిల్‌లో వచ్చిన ఫైల్‌లో నేను చేర్చినదంతా మరునాటికి కనిపించడం లేదు, ఎక్కడ వెతకాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ చేసిన తరువాత కంప్యూటర్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. నా దగ్గర ఉన్నది విండోస్ 11 ల్యాప్‌టాప్. మెయిల్‌ను క్రోమ్ బ్రౌజర్‌లో తెరిచి చూసుకుంటాను. మా అన్నయ్య మా కుటుంబ చరిత్రను వర్డ్‌లో రాస్తూ, అమ్మ వైపు వారి గురించి నాకు తెలిసినవన్నీ చేర్చమని ఆ ఫైల్‌ను నాకు మెయిల్‌లో పంపించారు. మెయిల్‌లో ఆ ఫైల్ మీద ఉన్న బాణం గుర్తును నొక్కి, బ్రౌజర్ పైభాగాన కనిపించిన పేరు మీద నొక్కగానే అది వర్డ్‌లో తెరుచుకుంది. పసుపు రంగు పట్టీలో ఉన్న ఎనేబుల్ ఎడిటింగ్ బటన్ నొక్కి, సాయంత్రమంతా కూర్చుని కొన్ని పేజీలు టైప్ చేసి, సేవ్ నొక్కిన తరువాతే మూసివేశాను. మరునాడు అదే మెయిల్ తెరిచి, అదే విధంగా ఫైల్ తెరిస్తే అన్నయ్య రాసినది మాత్రమే ఉంది. నేను రాసినదానిలో ఒక్క వాక్యమైనా లేదు. అమ్మమ్మ నోట విన్న సంగతులు అందులో ఉన్నాయి, వాటిని మళ్లీ అంత వివరంగా రాయగలనో లేదో అని బెంగగా ఉంది.

మరొక ఇబ్బంది కూడా అడుగుతాను. తెర మీద అక్షరాలు నాకు బాగా చిన్నవిగా కనిపిస్తున్నాయి. పైగా ఏదైనా ఆలోచిస్తూ షిఫ్ట్ కీ మీద వేలు ఉంచితే బీప్‌మని శబ్దం వచ్చి, ఫిల్టర్ కీస్ అంటూ ఒక పెట్టె తెరుచుకుంటోంది. అందులో ఎస్ నొక్కాలో నో నొక్కాలో తెలియక కంప్యూటర్ ఆపివేస్తున్నాను. దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు

నమస్కారమండీ. మీరు సేవ్ నొక్కి మూసివేశానంటున్నారు కనుక రాసినది పోయి ఉండదు. అది మీ ల్యాప్‌టాప్‌లోనే, మీరు చూస్తున్న చోట కాక మరొక చోట ఉంది. అది దొరికే వరకు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో దేనినీ తొలగించకండి, మెయిల్ నుంచి ఆ ఫైల్‌ను మళ్లీ తెరవకండి.

మెయిల్‌కు జతచేసి వచ్చిన ఫైల్ ఎన్నటికీ మారదు. మీరు బాణం గుర్తు నొక్కినప్పుడు బ్రౌజర్ ఆ ఫైల్‌కు ఒక నకలు తీసి మీ ల్యాప్‌టాప్‌లోని డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్‌లో పెట్టింది. మీరు సాయంత్రమంతా టైప్ చేసినది ఆ నకలులో, సేవ్ అయినదీ ఆ నకలులోనే. మరునాడు మళ్లీ బాణం గుర్తు నొక్కేసరికి, అదే పేరుతో ఒక ఫైల్ అప్పటికే ఉన్నందువల్ల, బ్రౌజర్ పేరు చివర బ్రాకెట్లలో 1 అనే అంకె చేర్చి రెండవ నకలు తెచ్చింది. మీరు తెరిచి చూసింది ఈ రెండవ నకలును. ఇంకా కంగారుపడి మళ్లీ మళ్లీ నొక్కి ఉంటే 2, 3 అంకెలతో మరికొన్ని నకళ్లు కూడా చేరి ఉంటాయి.

వెతకడానికి అన్నింటికంటే సులువైన దారి వర్డ్‌లోనే ఉంది. వర్డ్ తెరిచి, ఎడమవైపు పైమూల ఫైల్ అనే మాట నొక్కి, ఓపెన్ నొక్కితే ఇటీవల తెరిచిన ఫైళ్లన్నీ వరుసగా కనిపిస్తాయి. ప్రతి పేరు కింద ఆ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది. వాటిలో అంకె లేని పేరును తెరిచి చూడండి. అక్కడ దొరకకపోతే, విండోస్ గుర్తున్న కీని నొక్కి పట్టి ఇ అక్షరం కీ నొక్కండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. ఎడమవైపు వరుసలో డౌన్‌లోడ్స్ మీద నొక్కి, పైన ఉన్న వ్యూ మెనూలో డీటెయిల్స్ ఎంచుకుంటే ప్రతి ఫైల్ పక్కన డేట్ మోడిఫైడ్ అనే వరుసలో తేదీ, సమయం కనిపిస్తాయి.

ఇక్కడ ఒక సంగతి చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. అన్నింటికంటే కొత్త తేదీ ఉన్నదే మనం రాసిన ఫైల్ అనుకోవడం సహజం, కాని మరునాడు దించిన నకలుకు మరునాటి తేదీయే పడుతుంది కనుక పైన కనిపించేది మీరేమీ రాయని నకలు. మీరు వెతకవలసింది మీరు టైప్ చేసిన సాయంత్రం తేదీ, మీరు చివరిసారి సేవ్ నొక్కిన సమయం ఉన్నదానిని. దొరికిన వెంటనే తెరిచి, ఫైల్ మెనూలో సేవ్ యాజ్ ద్వారా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో వేరే పేరుతో భద్రపరచండి.

రెండవ జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. రాయడం పూర్తయ్యాక సేవ్ యాజ్ చేయడం ఇప్పటి అవసరానికి సరిపోతుంది, కాని ఇకముందు మాత్రం మెయిల్‌లో వచ్చిన ఏ ఫైల్‌నైనా ఒక్క అక్షరం టైప్ చేయడానికి ముందే దాని చోటికి చేర్చడం అలవాటు చేసుకోవాలి. ఎందుకంటే, అందరి కంప్యూటర్లలోనూ ఆ నకలు డౌన్‌లోడ్స్‌కే చేరదు. మెయిల్ కోసం బ్రౌజర్ కాకుండా ప్రత్యేక ప్రోగ్రాం వాడేవారికి, జతచేసిన ఫైల్‌ను నేరుగా తెరిస్తే, అది కంటికి కనిపించని ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో తెరుచుకోవచ్చు. అక్కడ రాసుకున్నదానిని తిరిగి పట్టుకోవడం అనుభవం ఉన్నవారికి కూడా కష్టమే.

కనుక ఫైల్ వర్డ్‌లో తెరుచుకోగానే, ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కిన వెంటనే, కీబోర్డ్ పైవరుసలో ఉన్న ఎఫ్12 కీ నొక్కండి. సేవ్ యాజ్ పెట్టె వస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్12 పని చేయాలంటే ఎఫ్ఎన్ అనే కీని కూడా కలిపి నొక్కాలి. ఆ పెట్టెలో ఎడమవైపు డాక్యుమెంట్స్ ఎంచుకుని, కింద మీకు అర్థమయ్యే పేరు రాసి సేవ్ నొక్కండి. అప్పటి నుంచి మీరు కంట్రోల్ కీ పట్టుకుని ఎస్ నొక్కిన ప్రతిసారీ రాసినది ఆ పేరుతో, ఆ చోటనే చేరుతుంది. ప్రతి పేరా పూర్తి కాగానే ఈ రెండు కీలు నొక్కడం మంచిది. వర్డ్ కిటికీ పైభాగాన ఆటోసేవ్ అనే మీట ఉంటుంది కదా అని నిశ్చింతగా ఉండకండి. అది వన్‌డ్రైవ్ వంటి ఆన్‌లైన్ నిల్వలో ఉన్న ఫైళ్లకే పని చేస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉన్న ఫైల్‌ను మీరే సేవ్ చేయాలి.

పేరు పెట్టేటప్పుడు తేదీ చేర్చడం మంచి పద్ధతి, కాని తేదీని చేతిరాతలో రాసినట్లు మధ్యలో వాలుగీతలు పెట్టి రాస్తే విండోస్ ఆ పేరును అంగీకరించదు. వాలుగీత, ప్రశ్నార్థకం, రెండు చుక్కలు, నక్షత్రం గుర్తు వంటివి ఫైల్ పేరులో ఉండకూడదు. చిన్న అడ్డగీతలు పెట్టి, ముందు సంవత్సరం, తరువాత నెల, ఆ తరువాత రోజు వచ్చేట్లు 2025-03-09 అని రాయండి. ఇలా రాస్తే ఫైళ్లు పేర్ల వరుసలోనే కాలక్రమంలో అమరుతాయి కనుక ఏది పాతదో ఏది కొత్తదో తెలుసుకోవడానికి ఒక్కొక్కటీ తెరవనవసరం లేదు.

మూడవ జవాబు

కంటికి, చేతికి సంబంధించిన మీ ప్రశ్నలకు నేను జవాబు చెబుతాను.

ముందుగా షిఫ్ట్ కీ సంగతి. కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్ల పాటు అదిమి ఉంచితే ఫిల్టర్ కీస్ గురించి, ఏ షిఫ్ట్‌నైనా వరుసగా 5 సార్లు నొక్కితే స్టిక్కీ కీస్ గురించి విండోస్ అలా అడుగుతుంది. అది హెచ్చరిక కాదు, వైరస్ కాదు, మీ ఫైల్‌కు ఏమీ కాలేదు. చేతులు వణికేవారికి, రెండు కీలు ఒకేసారి నొక్కలేనివారికి తోడ్పడడానికి ఏర్పాటు చేసిన సదుపాయాలు అవి. నో నొక్కితే చాలు, కంప్యూటర్ ఆపనవసరం లేదు. ఆపివేస్తే సేవ్ చేయని భాగం పోయే ప్రమాదం ఉంది కనుక ఆ అలవాటు మాత్రం మానండి. పొరపాటున ఎస్ నొక్కితే, కీలను తేలికగా తాకినప్పుడు అక్షరాలు పడడం లేదని, కీబోర్డ్ పాడైందని అనిపిస్తుంది. అప్పుడు సెట్టింగ్స్ తెరిచి, యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్ నొక్కి, ఫిల్టర్ కీస్‌ను ఆపివేయండి. ఇలా అడగడమే వద్దనుకుంటే ఆ పేజీలోనే వాటి షార్ట్‌కట్‌ను కూడా ఆపవచ్చు. అయితే మీ వేళ్లు వణుకుతూ ఒకే అక్షరం రెండు మూడుసార్లు పడుతుంటే మాత్రం ఫిల్టర్ కీస్‌ను కొన్నాళ్లు వాడి చూడమని నా సలహా, ఎందుకంటే వెంటవెంటనే పడే నొక్కులను అది పట్టించుకోదు.

ఇక అక్షరాల పరిమాణం. చాలామంది పెద్దలు కనిపించడం లేదని వర్డ్‌లో ఫాంట్ సైజును 24కో 28కో పెంచుతారు. దానివల్ల పేజీలు రెట్టింపవుతాయి, ముద్రించినప్పుడు అక్షరాలు అంత పెద్దవిగానూ వస్తాయి, ఆ ఫైల్ అందుకున్నవారు అంతా మళ్లీ సరిచేసుకోవలసి వస్తుంది. మీకు కావలసింది జూమ్. వర్డ్ కిటికీలో కుడివైపు అడుగున కూడిక, తీసివేత గుర్తుల మధ్య ఉన్న చిన్న మీటను కూడిక వైపు జరిపితే మీ కంటికి మాత్రమే అక్షరాలు పెద్దవవుతాయి, కాగితం మీద ఏ మార్పూ ఉండదు. బ్రౌజర్‌లో కంట్రోల్ పట్టుకుని కూడిక గుర్తు నొక్కితే పేజీ పెద్దదవుతుంది, కంట్రోల్ పట్టుకుని సున్నా నొక్కితే మామూలు పరిమాణానికి వస్తుంది.

మెనూలు, ఫైళ్ల పేర్లు కూడా పెద్దవి కావాలంటే సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టెక్స్ట్ సైజ్ అనే వరుసలో వెళ్లండి. అక్కడ 225 శాతం వరకు పెంచుకోవచ్చు. కొద్దికొద్దిగా జరుపుతూ, పక్కన చూపించే నమూనా వాక్యం కళ్లు చికిలించకుండా చదవగలిగే చోట ఆపి అప్లై నొక్కండి. ఒక్కసారిగా చివరి దాకా పెంచితే కొన్ని బటన్ల మీది మాటలు సగం తెగిపోయి మరింత తికమకగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ఎన్నో కృతజ్ఞతలు. వర్డ్‌లో ఓపెన్ నొక్కి చూస్తే, చెప్పినట్లే అంకె లేని ఫైల్‌లో అమ్మమ్మ సంగతులన్నీ భద్రంగా ఉన్నాయి. దానిని డాక్యుమెంట్స్‌లోకి చేర్చాను. అయితే మరొక చిక్కు ఉంది. రాసినది పోయిందనుకుని మరునాడు బ్రాకెట్లలో 1 ఉన్న ఫైల్‌లో కొంత మళ్లీ రాశాను. అందులో మొదటిసారి గుర్తుకురాని పేర్లు కొన్ని ఉన్నాయి. రెండింటినీ ఒకటిగా చేసి అన్నయ్యకు ఎలా పంపాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు

దొరికినందుకు చాలా సంతోషంగా ఉందండీ. రెండు ఫైళ్లనూ వర్డ్‌లో తెరవండి. మొదటి ఫైల్ కనిపిస్తుండగా విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణం కీ నొక్కితే అది తెరలో ఎడమ సగానికి చేరుతుంది. మిగిలిన సగంలో ఏది ఉంచాలని విండోస్ చూపించినప్పుడు రెండవ ఫైల్ బొమ్మ మీద నొక్కండి. ఇప్పుడు రెండూ పక్కపక్కనే ఉన్నాయి కనుక చదువుతూ పోల్చుకోవచ్చు. రెండవదానిలో మీకు కావలసిన వాక్యం మొదట్లో ఒకసారి నొక్కి, షిఫ్ట్ పట్టుకుని వాక్యం చివర మరొకసారి నొక్కితే ఆ భాగం మొత్తం ఎంపికవుతుంది. మౌస్‌తో ఈడ్చడం కంటే ఇది చేతికి సులువు. కంట్రోల్, సి నొక్కి, మొదటి ఫైల్‌లో అది చేరవలసిన చోట నొక్కి, కంట్రోల్, వి నొక్కండి. తప్పు చోట పడితే కంట్రోల్, జడ్ నొక్కగానే వెనక్కి పోతుంది, భయపడనవసరం లేదు. వర్డ్‌లో రివ్యూ మెనూ కింద రెండు ఫైళ్ల తేడాలను రంగులతో చూపే కంపేర్ అనే సదుపాయం కూడా ఉంది, కాని మీరు అవే సంగతులను వేరే వాక్యాలలో రాసి ఉంటారు కనుక తెరంతా రంగులతో నిండి గందరగోళంగా కనిపిస్తుంది. ఈ పనికి పక్కపక్కన పెట్టుకుని చదవడమే మేలు.

అంతా కలిపాక కంట్రోల్, ఎస్ నొక్కి వర్డ్‌ను మూసివేసి, ఆ తరువాతే మెయిల్ తెరవండి. అన్నయ్యగారి మెయిల్‌కు రిప్లై నొక్కి, కింద ఉన్న పేపర్ క్లిప్ గుర్తు ద్వారా డాక్యుమెంట్స్‌లోని ఫైల్‌ను జతచేయండి. రిప్లై నొక్కినంత మాత్రాన పాత ఫైల్ మీ మార్పులతో తిరిగి వెళ్లదు. జతచేసిన క్షణంలో ఫైల్ ఎలా ఉందో అలాగే వెళ్తుంది కనుక, పంపడానికి ముందు ఇంకేదైనా గుర్తుకు వచ్చి వర్డ్‌లో చేరిస్తే, మెయిల్‌లో జతచేసినదానిని పక్కనున్న ఇంటూ గుర్తుతో తీసివేసి, కొత్తగా సేవ్ చేసినదానిని మళ్లీ జతచేయాలి.