కరెంటు రాగానే డ్రమ్ము దానంతటదే తిరిగింది: ఎంసీపీ4725 డ్యాక్ మాడ్యూల్ పాడైందా?

కదిరి_రోస్టర్:
మాది కదిరిలో చిన్న పల్లీ పట్టీల యూనిట్. గింజలు వేపే డ్రమ్ముకి 1 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు, గేర్‌బాక్స్, దాని స్పీడు మార్చే డ్రైవ్ (వీఎఫ్‌డీ) ఉన్నాయి. ఇన్నాళ్లూ నాన్నే వాసన పట్టి స్పీడు నాబ్ తిప్పుకునేవాడు. పొయ్యి దగ్గర ఆయనకి కాస్త విశ్రాంతి దొరుకుతుందని పోయిన నెల ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డు పెట్టాను. థర్మోకపుల్‌తో వేడి చూసుకుంటూ, ఎంసీపీ4725 డ్యాక్ (అంకెను వోల్టేజీగా మార్చే చిప్) ద్వారా వీఎఫ్‌డీకి స్పీడు చెప్పే 0–10 వోల్టులు ఇస్తుంది.

మాడ్యూల్‌కి 3.3 వోల్టుల సప్లై ఇచ్చాను. దాని అవుట్‌పుట్ ఎల్ఎమ్358 అనే ఆప్‌ఆంప్‌కి (వోల్టేజీ పెంచే చిప్) వెళ్తుంది, అక్కడ 20కే, 10కే రెసిస్టర్లతో మూడు రెట్లు అవుతుంది. ఆప్‌ఆంప్‌కి 12 వోల్టులు. ప్రోగ్రాములో పూర్తి విలువ 4095 ఇస్తే మీటరు 9.9 చూపిస్తుంది, మోటారు 49.5 హెర్ట్జ్‌లో తిరుగుతుంది. నెల రోజులు ఏ ఇబ్బందీ రాలేదు.

మొన్న సాయంత్రం కరెంటు పోయింది. డ్రమ్ము ఆగింది గానీ కింద గ్యాస్ మండుతూనే ఉంది. నాన్న బర్నర్ కట్టేసి, లోపలి గింజలు మాడిపోతాయని పొడుగు గరిటెతో బయటికి లాగుతున్నాడు. అంతలో కరెంటు వచ్చింది, డ్రమ్ము కదిలింది. లోపలి రెక్క గరిటెను పట్టుకుని ఆయన కుడి మణికట్టును డ్రమ్ము అంచుకేసి కొట్టింది. ఎముక విరగలేదు, కట్టు కట్టించాం. ఇంకో రెండు అంగుళాలు చెయ్యి లోపలుంటే ఏమయ్యేదో తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు.

నిమిషం పైగా 25 హెర్ట్జ్‌లో తిరిగి, తర్వాత దానంతటదే ఆగిపోయింది. ప్రోగ్రాములో మొదట డ్యాక్‌కి 0 రాస్తున్నాను. ఫోన్‌లో స్టార్ట్ నొక్కితేనే స్పీడు పెరగాలి. వీఎఫ్‌డీకి తిరగమని చెప్పే రన్ టెర్మినల్‌ని మాత్రం కామన్‌కి వైరు ముక్కతో కలిపేసి వదిలేశాను, స్పీడు సున్నా అంటే ఆగినట్టే కదా అనుకున్నాను. డ్యాక్ చెడిపోయిందా? 0–10 నేరుగా ఇచ్చే జీపీ8403 మాడ్యూల్ కొంటే ఈ బాధ ఉండదా?

బ్రెడ్‌బోర్డు:
నాన్నగారికి పెద్ద గాయం కానందుకు సంతోషం అన్నా. చిప్ చెడిపోలేదు, దాని పని అది చేసింది. ఎంసీపీ4725 లోపల ఈఈప్రామ్, అంటే కరెంటు పోయినా చెరిగిపోని మెమరీ, ఉంటుంది. కరెంటు రాగానే, మీ ప్రోగ్రాము కోసం ఆగకుండా, అందులో ఉన్న విలువనే బయటికి ఇస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అందులో ఉండేది సరిగ్గా సగం, అంటే 2048. మీ లెక్కలోనే చూడండి: 3.3లో సగం 1.65, దానికి మూడు రెట్లు 4.95 వోల్టులు. అదే మీ 25 హెర్ట్జ్.

నిమిషం పైగా ఎందుకు తిరిగిందన్నదే నాకు తేలలేదు. ఈఎస్‌పీ32 లేవడానికి అంతసేపు పట్టదు. ప్రోగ్రాములో మొదట నడిచే సెటప్ భాగంలో 0 రాసే లైను కంటే ముందు ఏముంది?

కదిరి_రోస్టర్:
ఇప్పుడే తెరిచి చూశాను. ముందు వైఫై. కనెక్ట్ అయ్యేదాకా తిరిగే వైల్ లూప్, దాని తర్వాతే డ్యాక్. కరెంటు పోతే రూటరూ ఆగిపోతుంది, మళ్లీ లేవడానికి నిమిషం పైనే తీసుకుంటుంది. రోజూ పొద్దున నేను ఈ ప్యానెల్ వేసేసరికి రూటర్ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి డ్రమ్ము ఓ క్షణం జర్క్ ఇచ్చి ఆగేది. చూశాను కూడా, పట్టించుకోలేదు.

బ్రెడ్‌బోర్డు:
అదే కారణం. డ్యాక్ లైన్లు సెటప్‌లో అన్నిటికంటే పైకి తెండి. ఇంకో చిన్న ప్రోగ్రాము రాసి, ఆడాఫ్రూట్ లైబ్రరీ సెట్‌వోల్టేజ్‌లో విలువ 0, దాని పక్కన ట్రూ ఇచ్చి ఒక్కసారి నడపండి. సున్నా ఈఈప్రామ్‌లోకి ఎక్కుతుంది. మెయిన్ ప్రోగ్రాములో మాత్రం ఎప్పుడూ ఫాల్స్ ఉండాలి. ఆ ఈఈప్రామ్ 10 లక్షల రాతలకి చేసింది. లూప్‌లో ట్రూ పెట్టి సెకనుకు 10 సార్లు రాస్తే 28 గంటల్లో ఆ లెక్క అయిపోతుంది.

ప్యానెల్_వైర్‌మ్యాన్_జీడిమెట్ల:
బాబూ, పైన చెప్పినవి చెయ్యి, కానీ అంతటితో వదిలెయ్యకు. స్పీడు సున్నా అంటే మోటారు ఆగినట్టు కాదు. రన్ ఉన్నంతసేపు ఆ డ్రైవ్ సిద్ధంగా ఉంటుంది, ఎంత వోల్టు వస్తే అంత తిప్పుతుంది. నీ బోర్డులో ఆ 20కే రెసిస్టర్ టంకం ఒక్కటి ఊడిందనుకో. డ్యాక్ కొంచెం ఇచ్చినా ఆప్‌ఆంప్ పది వోల్టుల పైకి పోతుంది, డ్రమ్ము ఫుల్ స్పీడు అందుకుంటుంది. ఈఎస్‌పీ హ్యాంగ్ అయితే డ్యాక్ చివరి విలువనే పట్టుకుని కూర్చుంటుంది. ఏ మాడ్యూల్ కొన్నా రన్‌ని వైరు ముక్కకి వదిలితే ఇదే గతి.

ఆ వైరు ముక్క ఈరోజే తీసెయ్యి. 12 వోల్టుల కాయిల్‌తో రెండు కాంటాక్టుల రిలే ఒకటి తెచ్చుకో. ఆకుపచ్చ పుష్ బటన్‌కి రిలే సొంత కాంటాక్టు ఒకటి పక్కన కట్టు, బటన్ వదిలినా రిలేని పట్టి ఉంచే హోల్డింగ్ అదే. కాయిల్ దారిలో ఎర్ర బటన్, ఎమర్జెన్సీ మష్రూమ్ బటన్, ఈఎస్‌పీ నడిపే రిలే కాంటాక్టు వరుసగా రావాలి. రెండో కాంటాక్టు రన్‌కీ కామన్‌కీ మధ్య. కరెంటు పోతే హోల్డింగ్ వదిలేస్తుంది. మళ్లీ వచ్చాక మనిషి వెళ్లి ఆకుపచ్చ నొక్కాల్సిందే. పొలంలో మోటారు స్టార్టర్ ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే.

డ్రైవ్ కవరు తీసే ముందు మెయిన్ ఆపి 10 నిమిషాలు ఆగు, లోపల కెపాసిటర్లు చార్జ్‌తో ఉంటాయి. డ్యాక్‌ని ఈఎస్‌పీ పక్కనే పెట్టి, 0–10 మాత్రం షీల్డెడ్ వైరులో పంపు, షీల్డు ఒక చివరే ఎర్త్ చెయ్యి.

కదిరి_రోస్టర్:
ఇద్దరికీ చాలా థాంక్స్. నిన్నంతా కూర్చుని చేశాను. రూటర్ ప్లగ్ పీకేసి, ఎంసీబీ ఆరుసార్లు వేసి తీశాను. ఆరుసార్లూ డ్రమ్ము కదల్లేదు. ఈఈప్రామ్ సంగతి విడిగా చూద్దామని ఈఎస్‌పీని తీసేసి డ్యాక్‌కి సప్లై మాత్రమే ఇచ్చి మీటరు పెట్టాను: వీఎఫ్‌డీ దగ్గర 6 మిల్లీవోల్టులు.

మష్రూమ్ బటన్‌ని ప్యానెల్ తలుపు మీద బిగించబోతుంటే నాన్న వద్దన్నాడు. డ్రమ్ము ముందు నిలబడి, గరిటె పట్టుకున్నట్టు కట్టు కట్టిన చెయ్యి చాచి, ఎడమ చేత్తో స్టాండు మీద ఒకచోట తట్టి చూపించాడు. ఆ చెయ్యే ఖాళీగా ఉంటుందట. అక్కడే బిగించాను.