యుద్ధం వార్త వస్తే సిప్ ఆపడం తెలివా, పిరికితనమా?

విశాఖ మదుపరి:
2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి దిగాయి. ఆ ఒక్కరోజే ముంబయి షేర్ల సూచీ సెన్సెక్స్ 2,702 పాయింట్లు పడింది, ముడి చమురు పీపా వంద డాలర్లు దాటింది. అమ్మాయి చదువుకని నెలకు 5,000 కడుతున్న సిప్‌ను (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే వాయిదాను) ఆ మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో, టీ చల్లారేలోపే ఆపేశాను. తిరిగి మొదలుపెట్టడానికి పది నెలలు పట్టింది. ఇప్పటికీ ఎక్కడ బాంబు పడ్డా చెయ్యి ఫోను మీదకే పోతుంది. బావగారు నన్ను పిరికివాడంటారు. లోకం తగలబడుతుంటే వాయిదాలు కడుతూ కూర్చోవాలా?

ఓపికే పెట్టుబడి:
బావగారి మాటే నాదీ. మీరు ఆపిన మర్నాడే సెన్సెక్స్ 1,328 పాయింట్లు లేచింది. 2020 మార్చి 23న 3,934 పాయింట్లు కూలి 25,981 దగ్గర ఆగిన సూచీ, నవంబరుకల్లా పాత గరిష్ఠాన్ని దాటేసింది.

ఎదురుప్రశ్న:
లేచిన మార్కెట్లనే లెక్కపెడితే అంతా బాగానే ఉంటుంది. జపాన్ షేర్ల సూచీ నిక్కీ 1989 చివర 38,915 దగ్గర ముగిసింది. మళ్లీ ఆ మెట్టు ఎక్కింది 2024 ఫిబ్రవరిలో. అప్పుడు నలభై ఏళ్లున్న మనిషికి డెబ్బై నాలుగొచ్చాయి! మాస్కోలోనైతే 2022లో షేర్ల లావాదేవీలే దాదాపు నెల రోజులు మూసేశారు.

ఓపికే పెట్టుబడి:
జపాన్ లెక్క శిఖరం మీద మూట మొత్తం దింపినవాడిది. నెలనెలా కట్టేవాడు 2003లో, 2009లో సూచీ ఎనిమిది వేల లోపు ఉన్నప్పుడు కూడా కొని ఉంటాడు. మాస్కోకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను.

గాజుల లెక్క:
మా అమ్మ ఏ సూచీ చూడదు, బంగారాన్నే నమ్ముతుంది. 2015 నవంబరులో ప్రభుత్వం తరఫున తొలి విడత పసిడి బాండ్లు (బంగారం ధరను బట్టి డబ్బు తిరిగిచ్చే పత్రాలు) గ్రాము 2,684 రూపాయలకు ఇచ్చారు. 2023 నవంబరులో 6,132 చొప్పున తిరిగి చెల్లించారు, వడ్డీ అదనం. అలాగని బంగారం పడదని కాదు. 2011లో ఔన్సు 1,900 డాలర్లు తాకి, 2015 చివరికి 1,050 దాకా జారింది.

పాత చందాదారు:
విశాఖవారూ, మీరు ఆపడం తప్పని నేననను. ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో అనుకోకుండా ఆపారు, ఆ పది నెలలు అందుకే పోయాయి. నా బీరువా తలుపు లోపల ఒక కాగితం అంటించి ఉంది: ఏ డబ్బు ఏ సంవత్సరం కావాలో. మూడేళ్లలోపు కావలసినది ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు వెళ్లిపోతుంది, యుద్ధమున్నా లేకున్నా. మిగతాదాని జోలికి పోను. నిజానికి 2022 మార్చిలో నన్ను కుదిపింది పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ధర. ఆ నూనె మనకు ఎక్కువగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. దానికి ఏ కాగితమూ పనిచేయలేదు, వేరుశనగ నూనెకు మారాం.

విశాఖ మదుపరి:
అమ్మాయిది ఇప్పుడు తొమ్మిదో తరగతి. అంటే మూడేళ్ల గీత దగ్గరపడింది. ఈ రాత్రే రాస్తాను. బావగారికి మాత్రం చూపించను.