మంచం మీదున్న నాన్నగారికి విరేచనాలు: కట్టే మాత్ర ఇంకోటి వేయవచ్చా?

గాజువాక వాసి:
మా నాన్నగారికి 76 ఏళ్ళు. నెల క్రితం జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషను చేయించాం. ఇంట్లో మంచం మీదే ఉన్నారు, మూత్రానికి గొట్టం ఉంది. ఎనిమిది రోజులు మలవిసర్జన కాలేదు. మూడు రోజులుగా రోజుకు ఐదారుసార్లు నీళ్ళలా కొద్దికొద్దిగా పడుతోంది. మందుల షాపులో అడిగి, విరేచనాలు కట్టే మాత్రలు రెండు వేశాం. నిన్నటి నుంచి గొట్టం పక్కనుంచి మూత్రం కూడా కారి పక్క తడుస్తోంది. మా ఆవిడ డైపర్లు మార్చలేక అలసిపోతోంది. మూడో మాత్ర వేయవచ్చా?

సీతమ్మధార నివాసి:
ఇసబ్గోల్ ఇవ్వండి. మా మామయ్యగారికి అదే పనిచేసింది.

రిటైరైన నర్సు:
బాబూ, మాత్ర వేయవద్దు. ఇసబ్గోల్ కూడా ఇప్పుడు వద్దు. అది నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, దారి మూసుకున్నచోట ఇంకా అడ్డం పడుతుంది.

మీరు చెప్పినదాన్నిబట్టి ఇవి విరేచనాలు కాకపోవచ్చు. ఎనిమిది రోజుల మలం పేగు చివర రాయిలా గట్టిపడితే, పైనున్న నీళ్ళమలం సందు చూసుకుని కారుతుంది. ఎముకల వార్డులో ఇది ఎన్నిసార్లు చూశానో! మూత్రం పక్కనుంచి రావడానికీ అదే కారణం కావచ్చు. నిండిన మలాశయం మూత్రనాళాన్ని నొక్కుతుంది. గొట్టం తొడ కింద నలిగిందేమో కూడా చూడండి. సంచి నడుముకన్నా దిగువన వేలాడాలి, నేలకు తగలకూడదు.

ఈ రోజే డాక్టరుకు చూపించండి. ఆయన చేతితొడుగు వేసుకుని మలద్వారంలో వేలితో పరీక్షిస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఎనిమా అవసరమో కాదో ఆయనే చెబుతారు. పసివాళ్ళకు ఆముదంలో ముంచిన తమలపాకు కాడ, పెద్దలకు సబ్బుముక్క పెట్టే ఇంటివైద్యాలు మాత్రం వద్దు. లోపలి పొర ఒరుసుకుపోతుంది. వాంతులు, పొట్ట ఉబ్బరం, జ్వరం, రక్తం, మాట తడబాటు కనిపిస్తే నేరుగా ఆసుపత్రికే వెళ్ళండి.

నొప్పికి ట్రమడాల్, రక్తానికి ఐరన్ మాత్రలు ఇస్తున్నారా? రెండూ మలాన్ని బిగిస్తాయి, డాక్టరుకు చెప్పండి.

ఇంకొకటి. నీళ్ళు ఎన్ని తాగుతున్నారు? మన ఉక్కపోతలో చెమటకే చాలా పోతాయి. భీమిలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన గ్లాసు ముట్టేవారు కాదు. గట్టిగా అడిగితే, "కోడలుపిల్లను ఎన్నిసార్లు పిలవనమ్మా?" అన్నారు. ఆయన జబ్బు పేగులో లేదు. గుండె, మూత్రపిండాల జబ్బు లేకపోతే నీళ్ళు పెంచండి.

ఎంవీపీ కాలనీ అమ్మ:
అడగవచ్చో లేదో తెలియదు. మా బాబుకు ఆరేళ్ళు, రోజూ నిక్కరు కొద్దిగా పాడుచేసుకుంటున్నాడు. కావాలనే చేస్తున్నాడని నిన్న కొట్టాను కూడా. బడిలో మరుగుదొడ్డికి వెళ్ళనంటాడు.

రిటైరైన నర్సు:
కొట్టకండి తల్లీ. వాడికీ ఇదే కథ కావచ్చు. ఆపుకుని ఆపుకుని లోపల గట్టిపడితే పక్కనుంచి కారుతుంది, వాడికి తెలియనే తెలియదు. పిల్లల డాక్టరుకు చూపించండి. పొద్దున టిఫిను తిన్నాక పేగు తనంతట తానే కదులుతుంది, అప్పుడు కాళ్ళకు పీట వేసి పది నిమిషాలు తీరిగ్గా కూర్చోబెట్టండి. గాజువాక బాబూ, ఈ వేళ మీ నాన్నగారికీ పనికొస్తుంది. డాక్టరు కూర్చోనిస్తే ఎత్తైన కమోడ్ కుర్చీ తెండి, గొంతుక్కూర్చోవడం వద్దు.

గాజువాక వాసి:
డాక్టరుగారు ఇంటికి వచ్చి చూశారు. మీరన్నదే. ఎనిమా ఇచ్చి మందులు మార్చారు. రాత్రి నుంచి గొట్టం పక్కన కారడం ఆగింది. నీళ్ళ సంగతి అడిగితే నాన్నగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. కుర్చీ తెచ్చాం, చుట్టూ అమ్మ పాతచీర తెరలా కట్టింది మా ఆవిడ. మా అబ్బాయి నీళ్ళసీసాకు గీతలు గీశాడు. ఈ సాయంత్రానికి తాతయ్య మూడో గీత దాటారు.